టేపర్ బేరింగు: సగం ఫ్యాక్టరీలో, సగం పానా చివర

6308 బాల్ బేరింగు డబ్బా విప్పేసరికే, దాని లోపల గోళీలకూ గాడికీ మధ్య ఎంత సందు ఉండాలో నిర్ణయమైపోయి ఉంటుంది. పక్కన సీ3 అని చెక్కి ఉంటే మామూలు కంటే కాస్త ఎక్కువ సందు ఇచ్చారని అర్థం. షాఫ్టు మీదికి ఎక్కించేవాడు ఆ సందును కొంత తగ్గించగలడేమో గానీ కొత్తగా పుట్టించలేడు. టేపర్ రోలర్ బేరింగు దగ్గర ఈ లెక్క చెల్లదు. రోలర్లు, వాటిని ఎడంగా నిలిపే కేజ్ పట్టుకుని ఉన్న లోపలి కోను ఒకటి, బయటి కప్పు ఒకటి, రెండూ విడివిడిగా చేతికొస్తాయి. కోనును కప్పులోకి నొక్కితే సందు సున్నా. కాస్త వెనక్కి లాగితే ఎంత కావాలంటే అంత. స్పిండిల్ (చక్రం ఎక్కే ఇరుసు కొస) నట్టు బిగించేవాడో, గేర్‌బాక్సు మూత కింద షిమ్ములు అనే పలుచని రేకులు వేసేవాడో పని ముగించేదాకా ఆ బేరింగు తయారీ పూర్తి కానట్టే. నెలకోసారి హబ్బు బేరింగు పోతున్న ట్రాక్టర్ ట్రాలీ దగ్గర మొదట తిట్లు తినేది బేరింగు కంపెనీయే. చాలాసార్లు చూడాల్సింది మాత్రం నట్టు వైపు.

సెయింట్ లూయిస్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్కెన్‌కు 1898 జూన్ 28న ఈ బేరింగు మీద అమెరికా పేటెంటు వచ్చింది. బండ్లు కట్టేవాడి బుర్రలోకే ఈ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. బండి నేరుగా పోతున్నంతసేపూ ఇరుసు మీద బరువు పైనుంచి కిందికి పడుతుంది. మలుపు తిరిగేటప్పుడు అదే ఇరుసు మీద పక్కనుంచి తోపు, అంటే థ్రస్టు, పడుతుంది. తిన్నని రోలర్లు మొదటిదాన్ని బాగా మోస్తాయి, రెండోదాని దగ్గర చేతులెత్తేస్తాయి. రోలరును ఏటవాలుగా పడుకోబెడితే రెండూ మోస్తుంది.

ఏటవాలుగా పెట్టడం ఒక్కటే చాలదు, రోలరు కూడా మొన తేలి ఉండాలి. శనగల పొట్లాన్ని బల్ల మీద దొర్లిస్తే అది నేరుగా పోదు, తన మొన చుట్టూనే గుండ్రంగా తిరుగుతుంది. టేపర్ రోలరూ అంతే. కోను గాడిని, కప్పు గాడిని, రోలరు మధ్యరేఖను పొడిగించుకుంటూ పోతే అన్నీ షాఫ్టు మధ్యరేఖ మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అందుకే రోలరు గాడి మీద జారకుండా దొర్లుతుంది. అయితే దీనికో ఖరీదు ఉంది. తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే జారి ఎగిరిపోయినట్టు, లోడు పడ్డ ప్రతిసారీ రోలరు లావు వైపుకు జారిపోవాలని చూస్తుంది. కోనుకు ఆ వైపున్న గట్టు దాన్ని ఆపుతుంది. రోలరు లావు కొసకూ ఈ గట్టుకూ మధ్య ఉన్నది దొర్లుడు కాదు, రాపిడి. ఈ బేరింగు మొత్తంలో అసలైన రాపిడి అక్కడే, నూనె పొర ఎప్పుడూ తెగకూడనిదీ అక్కడే. నట్టు అతిగా బిగిస్తే ముందు కాలేది కూడా అదే చోటు.

ఇక ఎంపిక. మెట్రిక్ నంబర్లను చదవడం తేలిక. 32210లో మొదటి 3 టేపర్ అని చెబుతుంది, చివరి రెండంకెలను 5తో గుణిస్తే 50 మి.మీ. బోరు, అంటే షాఫ్టు దూరే లోపలి రంధ్రం వ్యాసం. మధ్యలోవి వెడల్పు, బయటి వ్యాసం సిరీస్‌లు. అంగుళాల సిరీస్‌లో ఈ సదుపాయం లేదు. ట్రైలర్ హబ్బుల్లో బాగా కనిపించే ఎల్ఎం67048 కోను బోరు 31.75 మి.మీ., అంటే అంగుళంపావు. ఆ నంబరులో ఆ సంగతి ఎక్కడా లేదు. దాని కప్పుకు ఎల్ఎం67010 అని వేరే నంబరు. పాత కోను పట్టుకెళ్లి "ఇదే ఇవ్వు" అంటే సరిపోదు, కప్పు నంబరు కూడా చూడాలి.

కొలతలు చూసి కొనడం ఇంకా ప్రమాదం. 30308, 31308 బేరింగులు రెండింటికీ బోరు 40, బయటి వ్యాసం 90, మొత్తం వెడల్పు 25.25 మి.మీ. వెర్నియర్ పట్టి పైపైన చూస్తే కవల పిల్లలే. తేడా లోపలి కోణంలో ఉంది. 30308 కోణం సుమారు 13 డిగ్రీలు, 31308ది దాదాపు 29. థ్రస్టు ఎక్కువగా ఉండే చోటుకు ఉద్దేశించింది రెండోది. పినియన్ (జతలో చిన్న గేరు) షాఫ్టు మీద 31308 ఉన్న చోట 30308 దూర్చితే చక్కగా కూర్చుంటుంది, తిరుగుతుంది, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు గాడి పెచ్చులూడటం మొదలవుతుంది. షాపులో నంబరు చెరిగిపోయిన బేరింగు చూపించేటప్పుడు కప్పు వెడల్పు విడిగా కొలిస్తే గుట్టు తెలుస్తుంది. 30308 కప్పు 20 మి.మీ., 31308 కప్పు 17.

ఆయుష్షు లెక్కలో చాలామంది మరచిపోయే అంశం ఒకటుంది. టేపర్ బేరింగు మీద శుద్ధంగా రేడియల్ లోడే (షాఫ్టుకు అడ్డంగా పడే బరువే) పడినా, ఏటవాలు వల్ల అది తనంతట తానే థ్రస్టు పుట్టిస్తుంది. అందుకే దీన్ని ఒంటరిగా వాడలేం. ఎదురుగా మరొకటి ఉండి ఆ థ్రస్టును పట్టుకోవాలి. ఈ సొంత థ్రస్టు సుమారుగా, రేడియల్ లోడును కేటలాగులోని వై గుణకానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఒక గేర్‌బాక్సు షాఫ్టు తీసుకుందాం. నిమిషానికి 1450 చుట్లు, రెండు చివరలా 30208 బేరింగులు. వీటి వై విలువ 1.6, డైనమిక్ లోడు సామర్థ్యం (పది లక్షల చుట్ల ఆయుష్షు ఇచ్చే లోడు) 60 కిలోన్యూటన్లు అనుకుందాం. కంపెనీని బట్టి అది కొంత మారుతుంది. ఎడమ బేరింగు మీద 8,000 న్యూటన్ల రేడియల్ లోడు, కుడిదాని మీద 4,000. హెలికల్ గేరు షాఫ్టును ఎడమకు 4,000 న్యూటన్ల బలంతో తోస్తోంది.

గేరు తోపు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే ఎడమ బేరింగు మీద సమాన లోడు (రేడియల్ లోడుకు 0.4 వంతు, థ్రస్టుకు వై రెట్లు కలిపి ఒకే అంకెగా చేసినది) 0.4 × 8,000 + 1.6 × 4,000, అంటే 9,600 న్యూటన్లు. 60,000ను 9,600తో భాగించి 10/3 ఘాతానికి హెచ్చిస్తే దాదాపు 450 మిలియన్ల చుట్లు. గంటల్లోకి మారిస్తే 5,100 పైచిలుకు. కానీ కుడి బేరింగు తన 4,000 న్యూటన్ల లోడుతో 1,250 న్యూటన్ల సొంత థ్రస్టు పుట్టించి, అదీ ఎడమకే తోస్తోంది. ఇప్పుడు ఎడమదాని మీద థ్రస్టు 5,250, సమాన లోడు 11,600. ఆయుష్షు దాదాపు 239 మిలియన్ల చుట్లు, అంటే 2,750 గంటలు. ఆ ఒక్క సొంత థ్రస్టును వదిలేస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపు అని భ్రమపడ్డాం. 10/3 ఘాతం ఇంత కర్కశంగా ఉంటుంది. లోడు రెట్టింపైతే ఆయుష్షు పదో వంతుకు పడిపోతుంది. మూడు టన్నుల ట్రాలీలో ఆరు టన్నుల ఇసుక ఎత్తించి, బేరింగు నాసిరకమని గొడవపడే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవచ్చు. పైగా ఈ గంటలు కూడా హామీ కాదు. వంద బేరింగుల్లో తొంభై అంతకాలం నిలుస్తాయనీ, మిగతా పది అంతకు ముందే పోవచ్చనీ దాని అర్థం.

రెండు బేరింగులను ఎదురెదురుగా ఎలా పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. బండి హబ్బులో కప్పులు రెండూ హబ్బు మధ్యనున్న గట్లకు ఆనుకుని ఉంటాయి. రోలర్ల సన్న కొసలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, లావు కొసలు బయటి వైపుంటాయి. దీన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు. లోడు గీతలు విశాలంగా విడిపోయి, రెండు బేరింగులూ నిజంగా ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు పనిచేస్తాయి. అందుకే చక్రం ఊగకుండా నిలబడుతుంది. చాలా గేర్‌బాక్సుల్లో దీనికి తలకిందులు. లావు కొసలు లోపలికి, సర్దుబాటు కప్పు వైపు, మూత కింద షిమ్ములతో. ఇది ఫేస్ టు ఫేస్. షాఫ్టు కాస్త వంగినా ఓర్చుకుంటుంది, అసెంబ్లీ తేలిక. చిక్కల్లా వేడి దగ్గరే. బేరింగుల మధ్య దూరం 200 మి.మీ., షాఫ్టు బాడీ కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే షాఫ్టు అదనంగా 0.048 మి.మీ. సాగుతుంది. ఫేస్ టు ఫేస్ అమరికలో ఆ సాగుడంతా సందును తినేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా సున్నా ప్లే (షాఫ్టు ముందుకూ వెనక్కూ కదిలే సందు) పెట్టిన గేర్‌బాక్సు గంట నడిచేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. బాడీ అల్యూమినియం అయితే కథ అడ్డం తిరుగుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి రెండూ 50 డిగ్రీలు వేడెక్కితే అదే దూరంలో 0.11 మి.మీ. లూజు పుడుతుంది. ఇనుప బాడీకి పనికొచ్చిన షిమ్ము లెక్కను అల్యూమినియం బాడీకి దించుకోవడం అందుకే కుదరదు.

ఫిట్టింగ్ బిగుతుకు షెడ్డుల్లో అందరికీ తెలిసిన సూత్రం ఉంది: తిరిగేది బిగుతు, తిరగనిది వదులు. గేర్‌బాక్సులో షాఫ్టు తిరుగుతుంది కాబట్టి కోను బిగుతు. 50 మి.మీ. షాఫ్టును ఎం6 టాలరెన్సుకు (కొలతలో అనుమతించే తేడాకు) లేతు మీద తిప్పితే 9 నుంచి 25 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) పెద్దగా ఉంటుంది. బేరింగు బోరు 12 మైక్రాన్ల వరకు చిన్నగా ఉండొచ్చు. అంటే పట్టు 9 నుంచి 37 మైక్రాన్లు. ట్రాలీ హబ్బులో స్పిండిల్ నిలిచి ఉంటుంది, హబ్బు తిరుగుతుంది. అక్కడ కప్పులు బిగుతు, కోన్లు చేత్తో ఎక్కేంత వదులు. కోను వదులుగా ఉందని కంగారుపడి స్పిండిల్ మీద వెల్డింగు పోసి లేతు పట్టించేవాళ్లున్నారు. నట్టు తిప్పినప్పుడు కోను జరగకపోతే ప్లే పెట్టడం ఎలా? వదులు ఉండాల్సింది అందుకే. కప్పు హబ్బులో వదులైతే మాత్రం అది నిజమైన జబ్బు. కప్పు హబ్బులో గిర్రున తిరిగి బోరును అరగదీస్తుంది. బోరు లోపల సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించడం మన దగ్గర మామూలే. అక్కడ కప్పు ఆనేది ఆ చుక్కల కొనల మీదే, లోడు పడితే నాలుగు రోజుల్లో అవీ అణిగిపోతాయి. స్లీవు వేయించడమో హబ్బు మార్చడమో తప్ప దానికి మందు లేదు.

బిగుతు కోనును సుత్తితో కొట్టి ఎక్కించకూడదని అందరికీ తెలుసు, అందరూ కొడతారు. కొడితే ఆ దెబ్బ రోలర్లకో, కేజ్‌కో తగులుతుంది. వేడి చేయడమే సరైన దారి. 50 మి.మీ. బోరును 80 డిగ్రీలు వేడెక్కిస్తే 48 మైక్రాన్లు విచ్చుకుంటుంది, పైన చెప్పిన 37 మైక్రాన్ల పట్టును దాటేస్తుంది. ఇండక్షన్ హీటరు ఉంటే మంచిది, లేకపోతే శుభ్రమైన నూనెలో వేడిచేసినా చాలు. 120 డిగ్రీలు మించకూడదు. గ్యాస్ కట్టరు మంట పెడితే ఉక్కు నీలం రంగు తిరిగి, గట్టిదనం అక్కడికక్కడే పోతుంది.

వేడి కోను షాఫ్టు మీద టక్కున జారి భుజానికి (షాఫ్టు లావయ్యే మెట్టుకు) ఆనుకోగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు మోసం అప్పుడే మొదలవుతుంది. కోను చల్లారేటప్పుడు బోరు ఒక్కటే కాదు, వెడల్పు కూడా కుంచించుకుపోతుంది. షాఫ్టును ముందు పట్టుకున్న చోట నిలిచిపోయి, భుజం వైపు సన్నని సందు వదిలేస్తుంది. ఆ సందుతోనే ప్లే పెట్టి మూత బిగించేస్తే, లోడు మీద కోను జరిగి భుజానికి ఆనుతుంది, పెట్టిన ప్లే గాలికి పోతుంది. అందుకే పూర్తిగా చల్లారేదాకా నట్టుతోనో పైపుతోనో నొక్కిపట్టి ఉంచి, తర్వాత 0.03 మి.మీ. ఫీలర్ గేజి రేకు కోనుకూ భుజానికీ మధ్య దూరుతుందేమో చుట్టూ తిప్పి చూడాలి. దూరితే కోను కూర్చోలేదు. లేతు పనివాడు భుజం మూలలో రేడియస్ పెద్దగా వదిలినా ఇదే జరుగుతుంది. కోను అంచు ఆ వంపు మీదెక్కి కూర్చుంటుంది, భుజం మీద కాదు.

ఇప్పుడు నట్టు. ట్రాలీ హబ్బులో గ్రీజు పట్టించి, కప్పులు గట్టుకు ఆనేదాకా దించి (దించేటప్పుడు దెబ్బ శబ్దం మారుతుంది, టంగుమనే చోటు చేరగానే చెవికే తెలుస్తుంది), నట్టు బిగించడం మొదలుపెడతారు. బిగిస్తూ హబ్బును అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఈ తిప్పుడు ఆచారం కోసం కాదు. రోలర్లు దొర్లితేనే గట్టు వైపుకు జరిగి తమ చోట్లో కూర్చుంటాయి. తిప్పకుండా బిగిస్తే అవి వంకరగా ఇరుక్కుని, నట్టు "ఇక బిగిసింది" అని అబద్ధం చెబుతుంది. పది కిలోమీటర్లు నడిచాక రోలర్లు సర్దుకుని హబ్బు లూజవుతుంది. హబ్బు భారంగా తిరిగేదాకా బిగించి, పూర్తిగా వదిలి, మళ్లీ చేత్తో ఆనేంతవరకు తెచ్చి, అక్కడినుంచి స్ప్లిట్ పిన్ను రంధ్రం కలిసేదాకా వెనక్కి తిప్పడం వాడుకలో ఉన్న పద్ధతి.

ఈ చివరి మెట్టులో ఒక లెక్క దాగి ఉంది. చక్రాల హబ్బుల్లో సాధారణంగా కోరుకునే ఎండ్ ప్లే 0.025 నుంచి 0.125 మి.మీ. స్పిండిల్ మర 1.5 మి.మీ. పిచ్‌ది, క్యాసిల్ నట్టుకు (పిన్ను కోసం తల మీద గాడులు కోసిన నట్టుకు) ఆరు గాడులు అనుకుంటే, ఒక గాడి నుంచి పక్క గాడికి నట్టు జరిగేది 0.25 మి.మీ. మనం కోరుకునే మొత్తం పరిధికి అది రెండున్నర రెట్లు. అంటే ఒక గాడి దగ్గర టైటు, పక్క గాడి దగ్గర లూజు, మధ్యలో ఉన్న సరైన చోటుకు పిన్ను పట్టదు. కొన్ని స్పిండిళ్లకు పిన్ను రంధ్రాలు రెండు, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండేది ఇందుకే. అప్పుడు చుట్టుకు పన్నెండు చోట్ల పిన్ను పడుతుంది, అడుగు 0.125కు తగ్గుతుంది. రెండు రంధ్రాలు లేనప్పుడు వాషరును కాస్త రుద్ది గాడిని కలపడం పాత మేస్త్రీల ఉపాయం. ఆ ఉపాయంలో తప్పేమీ లేదు. తప్పల్లా పిన్ను కలవలేదని నట్టును ముందుకు బిగించేయడంలో. రెంటిలో ఏదో ఒకటి తప్పదంటే చక్రాల హబ్బులో కాస్త లూజే మేలు. లూజు హబ్బు శబ్దం చేసి హెచ్చరిస్తుంది. టైటు హబ్బు చప్పుడు చేయకుండా వేడెక్కి, గ్రీజు కరిగి కారిపోయి, రోడ్డు మధ్యలో పట్టేస్తుంది. బిగించాక పది పదిహేను కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చెయ్యి వేసి చూస్తే, చెయ్యి నిలవనంత వేడి ఉంటే జవాబు దొరికినట్టే.

డిఫరెన్షియల్ పినియన్ దగ్గర ఇదంతా తిరగబడుతుంది. అక్కడ లూజు పనికిరాదు. పినియన్ వెంట్రుకవాసి కదిలినా పళ్ల పట్టు మారి గేరు అరుస్తుంది. కాబట్టి సందు సున్నా దాటాక కూడా ఇంకాస్త బిగించి ప్రీలోడు, అంటే ముందస్తు నొక్కుడు, పెడతారు. దాన్ని కొలిచేది సందుతో కాదు, పినియన్‌ను తిప్పడానికి ఎంత బలం పడుతుందన్న దానితో. ఫ్లాంజికి తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగుతారు. తాడు నిలకడగా కదులుతున్నప్పటి అంకె తీసుకోవాలి, మొదటి కుదుపుది కాదు. కొత్త బేరింగులకు ఒక అంకె, వాడిన బేరింగులకు అంతకంటే తక్కువ అంకె మాన్యువల్లో వేరువేరుగా ఉంటాయి. కొత్తవి కొద్ది రోజుల్లో సర్దుకుని ప్రీలోడు కొంత పోగొట్టుకుంటాయి. బేరింగుల మధ్య, బిగించేకొద్దీ నలిగే స్పేసరు గొట్టం వాడే చోట అంకె దాటేదాకా బిగిస్తే, నట్టు వెనక్కి తిప్పి సరిచేయడం ఉండదు. నలిగిన స్పేసరు మళ్లీ ఉబ్బదు. కొత్తది వేయాల్సిందే.

గ్రీజు సంగతి క్లుప్తంగా. అరచేతిలో గ్రీజు వేసుకుని, కోను లావు వైపును దానికి గుద్దుతూ, సన్న వైపు నుంచి గ్రీజు ఉబికేదాకా నింపాలి. హబ్బు లోపలి ఖాళీని మాత్రం గొంతుదాకా కుక్కకూడదు, సగం లోపు చాలు. ఎక్కువైన గ్రీజు చిలకబడి వేడి పుట్టిస్తుంది, ఆయిల్ సీలును తోసుకుని బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. నూనెతో నడిచే గేర్‌బాక్సులో, తిరిగే టేపర్ బేరింగు చిన్న పంపులా నూనెను సన్న కొస నుంచి లావు కొసకు లాగుతుంది. కాబట్టి నూనె దారి సన్న కొస వైపు ఇవ్వాలి. లావు వైపు పోసి, అందడం లేదని వాపోయిన డిజైన్లు లేకపోలేదు.

పోయిన బేరింగును చెత్తలో పారేసే ముందు డీజిలుతో కడిగి వెలుగులో చూస్తే చాలా చెబుతుంది. రోలర్ల లావు కొసల మీద, గట్టు మీద గీతలు, నీలం రంగు ఉంటే టైటు, లేదా గ్రీజు కరువు. కప్పు గాడిలో ఒకవైపు అంచునే పెచ్చులూడితే షాఫ్టు వంకరో, కప్పు వాలుగా కూర్చోవడమో. రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపడేలా కప్పులో నల్లటి గీతలుంటే నీళ్లు చేరి, బండి చాలాకాలం కదలకుండా నిలబడిందని. వరినాట్లకు బురద దమ్ము చేసి, నెలల తరబడి షెడ్డులో నిలిపేసిన ట్రాక్టరు ముందు హబ్బుల్లో ఈ గీతలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. గాడి పొడవునా బట్టలుతికే బోర్డులా మెట్లు మెట్లుగా ఉంటే బేరింగు గుండా కరెంటు పారింది. వెల్డింగు ఎర్తు ఎక్కడ తగిలించారో ఆరా తీయాలి. కొత్త కోను తెచ్చి ఇలాంటి పాత కప్పులోనే తిప్పితే కొత్తదీ అదే దారి పడుతుంది.

రైల్వే ఈ తలనొప్పిని వేరే విధంగా వదిలించుకుంది. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ల ఇరుసు కొసల్లో ఉండేవీ టేపర్ బేరింగులే. కానీ రెండు వరుసల రోలర్లు, వాటి మధ్య స్పేసరు, సీళ్లు, గ్రీజు అన్నీ ఒకే కార్ట్రిడ్జిగా ముందే కూర్చి వస్తాయి. సందును ఆ స్పేసరు వెడల్పే నిర్ణయిస్తుంది. హైడ్రాలిక్ ప్రెస్సుతో ఇరుసు మీదికి నొక్కేవాడు ప్లే పెట్టడు, పెట్టలేడు. ఇప్పటి కార్లలో విప్పడానికి వీల్లేని హబ్ యూనిట్లు రావడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. ట్రాలీ హబ్బు, పాత లారీ హబ్బు, చెరకు గానుగ గేర్‌బాక్సుల దగ్గర మాత్రం ఆ నిర్ణయం ఇంకా చేతి మీదే నడుస్తోంది. డయల్ గేజిని హబ్బుకు ఆనించి, చక్రాన్ని లోపలికీ బయటికీ లాగి, ముల్లు ఎన్ని గీతలు కదిలిందో చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.